తగ్గిన పాయింట్లు, ఆగని నెత్తురు

నేను లెక్కల టీచర్ని. రెంటచింతలలో పిల్లలకు ఎక్కువ తక్కువలు నేర్పి జీతం తీసుకుంటున్నదాన్ని. అలాంటి నాకు ఒక అంకె తగ్గితే సంతోషించాలో నెత్తి కొట్టుకోవాలో తెలియని రోజులు కొన్ని వచ్చాయి. ఇప్పటికీ ఆ రోజుల్ని వరసగా చెప్పబోతే మధ్యలో ఎక్కడో దారి తప్పుతాను. అయినా చెబుతాను. ఎవరికో ఒకరికి పనికొస్తుంది.

మా తమ్ముడు దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు నింపే చోట పని చేస్తాడు. వాడూ, వాడి భార్యా, అమ్మా రెంటచింతలలోనే మా పాత ఇంట్లో ఉంటారు. నేను అదే ఊళ్లో రెండు వీధుల అవతల ఉంటాను. మొన్నామధ్య ఎండాకాలంలో వాడు పని నుంచి వచ్చి మంచమెక్కాడు. కాస్త జ్వరం, వాంతులు, అన్నం వాసన తగిలితే చాలు మొహం తిప్పుకోవడం. మా ఊళ్లో ఎండాకాలం మనిషి డీలా పడితే దానికి ఒకటే పేరు, ఎండదెబ్బ. అమ్మ మజ్జిగ పోసింది, ఉల్లిపాయ రసం అరికాళ్లకు రుద్దింది. ఒకరోజు పొద్దున మా మరదలు వాడి మొహం కడుగుతూ గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. కళ్లు పచ్చగా ఉన్నాయి.

మాచర్ల తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించాం. ఎస్‌జీపీటీ అనే లివరు అంకె మూడు వేలు దాటిందట. మామూలు మనిషికి యాభై లోపు ఉండాలట. అక్కడి డాక్టరు చూసి, నీళ్ల వల్ల వచ్చే కామెర్లు, లివరు వాచింది, విశ్రాంతి కావాలి, నాలుగు రోజులకోసారి వచ్చి చూపించుకోండి అన్నాడు. మందులు పెద్దగా రాయలేదు. మందులు రాయని డాక్టరంటే మా అమ్మకు ఏ మాత్రం గిట్టదు.

"చూశావా, కామెర్లకు ఇంగ్లీషు మందు లేదని ఆయనే ఒప్పుకున్నాడు. పసరు పోయించాల్సిందే" అంది బస్సులోనే.

గురజాల అవతల ఒక పల్లెలో ఒక పెద్దాయన కామెర్లకు ఆకు పసరు పోస్తాడు. ఆదివారం, గురువారం, తెల్లవారుజామున, పరగడుపున. ఏ ఆకో ఎవరికీ చెప్పడు. మేకపాలలో నూరి ఇస్తాడు. పైసా పుచ్చుకోడు. తాగినవాళ్లు ఆయనకు దణ్ణం పెట్టకూడదు, వెళ్లొస్తామని చెప్పకూడదు, వెనక్కి తిరిగి చూడకూడదు. తిరిగి చూస్తే కామెర్లు కూడా మన వెంటే ఇంటికి వస్తాయంటారు. పసరు పడ్డ దగ్గర్నుంచి పత్యం. ఉప్పు లేదు, నూనె లేదు, పులుపు లేదు, పసుపు అసలే లేదు, ఆకుకూర పేరెత్తకూడదు. ఒట్టి మజ్జిగన్నం. గడ్డం గీయకూడదు, తలకు నూనె పెట్టకూడదు, ఇంగ్లీషు గోళీ నాలుక మీద పెట్టకూడదు.

నేను ఎగిరాను. "ఏ ఆకో తెలియకుండా ఎట్టా పోస్తావమ్మా, అసలే లివరు వాచిందంటుంటే!" అన్నాను.

"నీకు ఏడేళ్లప్పుడు కామెర్లొస్తే ఎవరు పోశారే? ఆ పెద్దాయన నాయనే పోశాడు. అది తాగి బతికినదానివి, ఇయ్యాళ నాకు చెప్పొచ్చావా? పోయి నీ లెక్కలు చెప్పుకో పో!"

నిజంగానే తాగాను. నిజంగానే బతికాను. పసరు వల్ల బతికానా, పసరు తాగినా బతికానా అన్నది ఏ లెక్కతో తేలుతుంది? అమ్మ ముందు ఆ సందేహం ఎత్తితే చీపురు తిరగేస్తుంది. తమ్ముణ్ణి అడిగితే, "ఏదో ఒకటి పోయండక్కా, నన్ను పడుకోనియ్యండి" అని గోడ వైపు తిరిగాడు.

పసరు పడింది. పత్యం మొదలైంది. ఊరంతా పలకరించడానికి వచ్చింది. పలకరించడం అంటే మా దగ్గర ఊరికే పలకరించడం కాదు, విచారణ. మా వీధి చివరి పిన్ని అరుగు మీద కూర్చుని, నీళ్లు తాగి, గొంతు తగ్గించి, "లివరంటే ఊరికే చెడిపోయిద్దా అమ్మాయ్? లోపల్లోపల తాగుతున్నాడేమో కనుక్కోండి" అంది. మా మరదలు నెమ్మదస్తురాలు, అత్త ముందు గొంతెత్తి ఎరగదు. ఆ రోజు మాత్రం చేతిలో చెంబు ఠప్పున కింద పెట్టి, "మా ఆయన చుక్క ముట్టడు పిన్నీ. కావాలంటే మరియమ్మ తల్లి మీద ఒట్టేసి చెప్తా. నువ్వు తాగిన నీళ్లే ఆయనా తాగాడు, జాగ్రత్త!" అంది. పిన్ని చెంబు వైపు చూసి లేచి వెళ్లిపోయింది. నాకు చానా రోజుల తర్వాత నవ్వొచ్చింది. కానీ ఆ రాత్రి పడుకున్నాక, ఏమో, ఫ్యాక్టరీలో జతగాళ్లతో ఎప్పుడైనా, అని ఒక్క క్షణం నాకూ అనిపించింది. అనిపించినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది.

వాడు రోజురోజుకూ నీరసపడుతున్నాడు. పొద్దున వేపపుల్లతో పళ్లు తోముకుంటే ఉమ్మిలో ఎర్రగా కనిపించేది. పుల్ల గుచ్చుకుందిలే అంది అమ్మ. కళ్ల పచ్చదనం అట్లాగే ఉంది. అది ఆఖర్న పోతుందిలే అన్నారు. ఇంతలో మళ్లీ మాచర్లలో పరీక్ష చేయించారు. నేను బడిలో ఉండగా మరదలు ఫోన్‌లో రిపోర్టు పంపింది. మూడు వేల చిల్లర ఉన్నది కాస్తా నాలుగు వందలకు దిగింది. నేను స్టాఫ్ రూములో కూర్చుని తీసివేత కూడా చేసి చూసుకున్నాను. హమ్మయ్య అనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు కదా? జ్వరం నూట మూడు నుంచి తొంభై తొమ్మిదికి దిగితే ఏడుస్తామా?

అమ్మ సంతోషం చెప్పనలవి కాదు. "పాయింట్లు దిగినయ్! పాయింట్లు దిగినయ్!" అని వీధి వీధంతా చాటింది. మా వాళ్లకు కామెర్లకు సంబంధించిన ఏ అంకైనా పాయింట్లే. డాక్టరు దగ్గరికి రిపోర్టు తీసుకెళ్లి చూపించాలని ఎవరికీ తోచలేదు. దిగిన తర్వాత ఇంక డాక్టరెందుకు? ఆదివారం పత్యం విడిపిద్దామని అమ్మ నిర్ణయించేసింది.

పత్యం విడిచే రోజంటే మా ఇళ్లలో చిన్నపాటి పండగే. ముందు గడ్డం గీయించాలి, తర్వాత తలకు నూనె పెట్టి వేడినీళ్లు పోయాలి, తర్వాత కోడికూరతో అన్నం పెట్టాలి. ఆ ఆదివారం చర్చిలో పూజ ముగించుకుని నేను నేరుగా అక్కడికే వెళ్లాను. దొడ్లో కోడి ఉడుకుతోంది. వాకిట్లో కుర్చీ వేసి తమ్ముణ్ణి కూర్చోబెట్టారు. వాడు తల నిలపలేకపోతున్నాడు. మంగలాయన మెల్లగా ఒక చెంప గీశాడు, రెండో చెంప మొదలుపెట్టాడు. దవడ కింద చిన్న గాటు పడింది. చిన్నదే, నువ్వుగింజంత. ఆయన పటిక ముక్క తీసి రుద్దాడు.

ఆగలేదు. మళ్లీ రుద్దాడు. దూది పెట్టి నొక్కాడు. దూది ఎర్రబడింది. ఇంకో దూది. మెడ మీదుగా బనీను మీదికి కారుతోంది. ఎక్కువగా కాదు, కుండకు చెమ్మ పట్టినట్టు నెమ్మదిగా, కానీ ఆగకుండా.

"ఏంది నువ్వు, చూసుకోవా! కత్తి కొత్తదేనా?" అని అమ్మ మంగలాయన మీద లేచింది.

"కొత్త బ్లేడమ్మా, మీ ఎదురుగానే చింపా. నా చేతిలో ఇట్టా ఎప్పుడూ అవలా. గాటు చూస్తే ఇంతుంది, నెత్తురు చూస్తే ఆగట్లా" అన్నాడాయన.

అమ్మ పసుపు కోసం వంటింట్లోకి పరుగెత్తింది. డబ్బా పట్టుకుని గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది. కామెర్లవాడికి పసుపు తగలకూడదు కదా! పత్యం విడిచినట్టా, ఇంకా విడవనట్టా? అన్నం పెట్టలేదు కాబట్టి విడవలేదు. గడ్డం గీశారు కాబట్టి విడిచినట్టే. "ఒసేయ్, పెట్టొచ్చా పెట్టకూడదా చెప్పవే!" అని నన్నే అడిగింది. నాకేం తెలుసు, నా తలకాయ! మరదలు కాఫీపొడి తెచ్చి అదిమింది. కాఫీపొడి కూడా తడిసి జారిపోయింది. వేపపుల్ల గుచ్చుకోవడం కాదిది, ఇంకేదో అని అర్థమైంది. ఏమిటో మాత్రం అర్థం కాలేదు. కూర పొయ్యి మీదే వదిలేసి, వాడికి చేతికందిన ఫ్యాక్టరీ టీషర్టు తొడిగి, మెడకు తువ్వాలు చుట్టి, కారు మాట్లాడుకుని గురజాల దాటి, పిడుగురాళ్ల దాటి నరసరావుపేటలో ఆస్పత్రికి చేరాం.

అక్కడి డాక్టరు గారు నడివయసు మనిషి. తువ్వాలు విప్పి చూశారు. కళ్లు చూశారు, పొట్ట నొక్కారు, చేతులు చాపమన్నారు. ఈ రోజు ఏం వారం అని తమ్ముణ్ణి అడిగారు. నాకే ఒక్క క్షణం గుర్తురాలేదు. వాడు మాత్రం, "ఆదివారం. కోడి కోశారు" అన్నాడు. డాక్టరు గారు తేలిగ్గా ఊపిరి తీసుకున్నట్టు కనిపించింది. తెలివి తప్పితే లివరు జబ్బు ముదిరిందని అర్థమట, తర్వాత చెప్పారు. తాగుతాడా అని ఆయనా అడిగారు. మరదలు మళ్లీ ఒట్టేసింది. పసరు సంగతి చెబితే తిట్టలేదు, కళ్లు మూసుకుని తెరిచారు, అంతే.

రక్తం తీసి పంపారు. నెత్తురు గడ్డకట్టడానికి ఎంత సేపు పడుతుందో చూసే పరీక్షట. సాయంత్రానికి ఫలితం వచ్చింది. ఐఎన్ఆర్ రెండు పాయింట్ ఎనిమిది అన్నారు.

"రెండు పాయింట్ ఎనిమిది ఏంటండీ? సెకన్లా? గ్రాములా?" అన్నాను.

"యూనిట్ ఉండదమ్మా. నిష్పత్తి."

"దేనికీ దేనికీ?"

"మీ తమ్ముడి నెత్తురు గడ్డకట్టడానికి పట్టే సమయానికీ, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల నెత్తురుకు పట్టే సమయానికీ. ఒకటి దగ్గర ఉంటే మంచిది."

ఎవరా ఆరోగ్యవంతులు, వాళ్ల నెత్తురు ఎక్కడ దొరికింది అని అడగాలనిపించింది. అలాంటి సమయంలో బుర్ర ఇలాంటి చోట్లకే పోతుంది. కానీ అడిగింది వేరేది. "పాయింట్లు దిగాయి కదండీ? మూడు వేలది నాలుగు వందలైంది. తగ్గుతుంటే ఇదేంటి?"

ఆయన తమ్ముడు వేసుకున్న ఫ్యాక్టరీ టీషర్టు వైపు చూశారు. "సిమెంటు ఫ్యాక్టరీ గొట్టంలోంచి దుమ్ము రావడం తగ్గిందనుకోండి. ఫ్యాక్టరీ బాగుపడి అయినా ఉండాలి, మూతపడి అయినా ఉండాలి. దుమ్మును చూసి చెప్పలేం. గేటు బయటికి బస్తాలు వస్తున్నాయా లేదా చూడాలి. మీరన్న పాయింట్లు లివరు కణాలు పగిలితే బయటపడే దుమ్ము. పగలడానికి కణాలు మిగలకపోయినా అది తగ్గుతుంది. నెత్తుటిని గడ్డకట్టించే పదార్థాలు లివరే తయారు చేస్తుంది. అవి బస్తాలు. బస్తాలు రావట్లేదు."

మూడు వేల నుంచి నాలుగు వందలు తీసేసి నేను స్టాఫ్ రూములో నవ్వుకున్నది దేనికి?

ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. బస్తాలు ఆగడానికి రెండు కారణాలు ఉండొచ్చట. ఫ్యాక్టరీయే చెడిపోయి ఉండొచ్చు, లేదా సున్నపురాయి అందక ఆగి ఉండొచ్చు. ఆ పదార్థాలు తయారు కావాలంటే లివరుకు విటమిన్ కె అందాలట. అది ఆకుకూరల్లో ఉంటుంది, ఒంటికి పట్టాలంటే కాస్త నూనె ఉండాలి. వీడికి ఆకుకూర లేదు, నూనె లేదు. "ఇంజెక్షన్ చేస్తాను. రేపు పొద్దున మళ్లీ పరీక్ష చేద్దాం. ఐఎన్ఆర్ తగ్గితే లివరుకు ఇంకా సత్తువ ఉన్నట్టు. తగ్గకపోయినా, పెరిగినా హైదరాబాదు తీసుకెళ్లాలి. అక్కడ లివరు ముక్క ఎవరైనా ఇవ్వాల్సి రావచ్చు" అన్నారు.

మరదలు ఆయన మాట పూర్తి కాకుండానే, "నాది తీసుకోండి సార్" అంది. ఆమె మొహంలో ఆలోచన లేదు, సందేహం లేదు, సంచి ఇవ్వమంటే ఇచ్చినట్టు. నేనూ అనాలనుకున్నాను. నాదీ వాడిదీ ఒకే రక్తం గ్రూపు. నోట్లోంచి మాట రావడానికి నాకు కొంచెం సేపు పట్టింది. ఇవ్వడానికి భయపడి కాదు. ఆ మాట అంటే వాడికి అంత దూరం వచ్చిందని ఒప్పుకున్నట్టవుతుందని.

బయట వరండాలో అమ్మ జపమాల పట్టుకుని కూర్చుని ఉంది. పక్కనే కూర్చున్నాను.

"ఏమన్నాడే?"

"లివరు బాగా దెబ్బతిందేమో అంటున్నారమ్మా."

"అదేంది, పాయింట్లు తగ్గినయ్ కదా!"

"తగ్గడం మంచిది కాదంట!"

"తగ్గడం మంచిది కాదా? మరి పెరగాలా?"

"అది కాదమ్మా. లోపల ఏం మిగలకపోయినా తగ్గుద్దంట."

"నాకేం అర్థం కావట్లా. పెరిగితే రోగమన్నారు. తగ్గినా రోగమేనా? మరి ఏమైతే బాగున్నట్టే?"

నాకూ సరిగ్గా తెలియదు. తెలియని చోట నాకు కోపం వస్తుంది, అది నా పుట్టుబుద్ధి. "అబ్బ, తగ్గితే మంచిది కాదని చెప్తున్నా కదా, చదువుకున్నాయన చెప్పాడు, ఇంక నన్ను చంపమాక!" అని కసిరాను. ఇంజెక్షన్ సంగతి, రేపటి పరీక్ష సంగతి చెప్పాను. అమ్మ విన్నదో లేదో తెలియదు. పొయ్యి మీద కూర దించలేదని ఒకసారి అంది.

పొద్దున్నే మళ్లీ రక్తం తీశారు. ఫలితం వచ్చేదాకా మరదలు గోడకు జారబడి నిలబడే ఉంది, కూర్చోమంటే కూర్చోలేదు. నేను ల్యాబు కిటికీ ముందు కాలుగాలిన పిల్లిలా తిరిగాను. లోపలి అమ్మాయి కాగితం ఇచ్చింది. ఒకటి పాయింట్ ఏడు. నేను దాన్ని మూడుసార్లు చదివాను. తగ్గింది. ఇది తగ్గితే మంచిదే కదా? నిన్నటిది తగ్గితే మంచిది కాదు, ఇవాళ్టిది తగ్గితే మంచిది. అంతేనా? తారుమారు చేసుకున్నానా? డాక్టరు గారి గదిలోకి దూరిపోయి కాగితం బల్ల మీద పెట్టాను. ఆయన చూసి, తల ఊపి, "ఇంజెక్షన్‌కు లివరు పలికింది. ఇప్పుడు హైదరాబాదు అక్కర్లేదు. కానీ గండం గడిచిందని నేను అనను. రేపు, ఎల్లుండి కూడా చూడాలి" అన్నారు.

మొదటి ముక్క చెవిలో పడగానే నేను వరండాలోకి పరుగెత్తాను. దూరం నుంచే అరిచాను.

"తగ్గిందమ్మా! తగ్గింది!"

అమ్మ నిలువునా నేలకు కూలబడింది. జపమాల ఎక్కడో పడింది. రెండు చేతులతో గుండెలు బాదుకుంటూ, "అయ్యో నా కొడకా, అయ్యో నా తండ్రీ" అని శోకం పెట్టింది. జనం మూగారు. నేను పక్కన కూలబడి, చేతులు పట్టుకుని, "ఇది తగ్గితే మంచిదేనమ్మా, ఇది వేరేది" అంటున్నాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియడం లేదు.

"తగ్గితే మంచిది కాదని నిన్న నువ్వేగా అన్నావు!"

"అది దుమ్మమ్మా. ఇది బస్తాలు. కాదు, బస్తాలు తగ్గడం కాదు, టైము తగ్గింది, బస్తాలు పెరిగినట్టు..."

అమ్మ నా రెండు బుగ్గలూ గట్టిగా పట్టుకుంది. చిన్నప్పుడు అబద్ధం చెబితే అట్లా పట్టుకునేది. "ఆపు. తగ్గిందో పెరిగిందో నాకు చెప్పమాక. వాడు బతుకుతాడా? అది చెప్పు."

డాక్టరు గారు ఆ మాట అనలేదు. రేపు చూడాలన్నారు, ఎల్లుండి చూడాలన్నారు. మరదలు గోడ దగ్గర్నుంచి నా వైపే చూస్తోంది.

"బతుకుతాడమ్మా" అన్నాను.

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లేచి, తమ్ముడి దగ్గరికి వెళ్లింది. డాక్టరు గారి నోటి నుంచి గండం గడిచిందన్న మాట రావడానికి ఆ తర్వాత కొన్ని రోజులు పట్టింది. ఆ మాట వచ్చేదాకా నేను అమ్మకు ఎదురుగా కూర్చోలేదు. ఏదో పని ఉన్నట్టు ల్యాబు కిటికీ దగ్గరే నిలబడ్డాను.